చివరి నుంచి ఎన్నోది

నా పేరు నిరాపద మహతో.
ఆపద లేనివాడని. ఝరియాలో ఈ పేరు చెబితే
టీ బండి దగ్గర ఎవరో ఒకరు నవ్వుతారు.
బ్యాంకు క్లర్కు పరీక్ష ఆరుసార్లు తప్పాను.
ఇప్పుడు టైర్ల షాపు వెనక గదిలో
ఎలా తప్పకూడదో చెబుతాను, నెలకి రెండొందలు.

జనవరిలోనూ మా నేల వెచ్చగా ఉంటుంది.
కింద బొగ్గు కాలుతోంది, తాతల నాటి నుంచీ.
పిల్లలు చెప్పులు విడిచి కూర్చోరు.

బోర్డు మీద రాస్తాను:

M 3 # R 7 @ 5 K ★ 2 T % 9 B

చదవకండ్రా, అంటాను. ఇది మాట కాదు.
అర్థం వెతికారో, అక్కడే కూలబడతారు.
ముందు ప్రశ్న చూడండి, తర్వాతే వేలు పెట్టండి.
ఎడమన అంకె, కుడిన అక్షరం ఉన్న గుర్తులెన్ని?
ఒక్కటే. మూడుకీ ఆర్‌కీ మధ్య ఇరుక్కున్నది.
ఎడమ నుంచి పదోదానికి ఎడమకి నాలుగోది?
దిక్కు ఒకటైతే తీసెయ్, వేరైతే కలుపు.
ఆరు. అక్కడున్నది @.
ఇరవై సెకన్లు. దాటితే వదిలేసి ముందుకు పో.

వదిలెయ్యడం నాకు చేతకాలేదు. అందుకే ఆరుసార్లు.

తుసుమణి బౌరీ తలుపు దగ్గర కూర్చుంటుంది.
తెల్లారుజామున బొగ్గు ఏరి వస్తుంది,
ఎంత తోమినా గోళ్ల అంచులు తెల్లబడవు.
వేలు ఆగిన చోటల్లా కాగితం మీద ఒక నల్లమచ్చ.
నేను ఆమె జవాబులు చూడను, మచ్చలు చూస్తాను:
ఎక్కడ రెండుసార్లు లెక్కపెట్టిందో
మచ్చ ముదురుగా ఉంటుంది.

ఫాల్గుణంలో సర్వేవాళ్లు ఎర్ర రంగు డబ్బాతో వచ్చారు.
ప్రతి గోడకీ ఒక అక్షరం, ఏ వరసని.
ఒక అంకె, ఎన్ని తలలని.
గోడ బీటలిచ్చి ఉంటే, ఒక అడ్డగుర్తు.
తుసుమణి వాళ్లది D 5 ×.
అయిదులో ఒకరు నానమ్మ.
చైత్రంలో ఆవిడ పోయింది. అంకె పోలేదు.
అమ్మ గోడని కడగనివ్వదు:
కొత్త కాలనీలో గది తలలు లెక్కపెట్టే ఇస్తారట.

ఒక సాయంత్రం అందరూ వెళ్లాక అడిగింది:
"సర్, మా వీధిలో అడ్డగుర్తు ఉన్నవన్నీ తీసేస్తే
మాది ఎడమ నుంచి ఎన్నోది అవుతుంది?"

డస్టర్ చేతిలోనే ఉంది.
తీసేసేవాటిలో మీదే ఉంది కదమ్మా, అనాలి.
అది ఆప్షన్లలో ఉండే జవాబు కాదు.
"రేపు చూద్దాం," అన్నాను.
రేపు నేను పర్సెంటేజీలు చెప్పాను.

పరీక్ష ధన్‌బాద్‌లో. తిరుగు దారిలో షేర్ ఆటో,
ఆమె మోకాళ్ల మీద ప్లాస్టిక్ కవరు, అందులో హాల్ టికెట్.
ఎలా రాశావని అడగలేదు, నన్ను ఆరుసార్లు అడిగారు కనక.
కట్రాస్ మలుపు దాటాక తనే అంది:
"సింబల్స్ తీసేసే ప్రశ్న వచ్చింది సర్.
అలాంటప్పుడు మొదటిది కదలనే కదలదు, చూశారా?
ఎన్ని తీసేస్తే అన్ని అడుగులూ
చివరిదే నడవాలి."

పదేళ్లుగా బోర్డు మీద ఆ వరస రాస్తున్నాను.
గదికొచ్చి, లైటు వేసి, నాలుగు గుర్తులూ చెరిపాను.
M ఉన్నచోటే ఉంది.
B పద్నాలుగు నుంచి పదికి నడిచొచ్చింది.

మర్నాడు వాళ్ల వీధికి వెళ్లాను, ఫీజు వంకతో.
బీటలోంచి సన్నగా పొగ, గోడ మీద ఎర్ర అయిదు,
ఎండకి పెచ్చులూడి మూడులా కనిపిస్తోంది.
తుసుమణి తల్లి ఇటుకముక్క నూరి
నీళ్లలో కలుపుతోంది.
"ఒకసారి మీరే దిద్దండి మాస్టారూ," అంది,
"మీ చేతిరాత గుండ్రంగా ఉంటుందట."

దిద్దాను.